‘మనవాళ్లే గదా’: పిల్లల రక్షణపై మన అపోహలు

నగరిలో, ఏకాంబరకుప్పంలో మరమగ్గాల వీధుల్లో పగలంతా మగ్గాల చప్పుడే. అమ్మానాన్న ఇద్దరూ మగ్గం దగ్గరుంటే బడి నుంచి వచ్చిన పిల్లలు పక్కింట్లోనో, మేనమామ ఇంట్లోనో, ట్యూషన్‌లోనో గడుపుతారు. అందులో తప్పేమీ లేదు. నలుగురూ కలిసి పిల్లల్ని కనిపెట్టుకోవడం చిన్న ఊళ్లకున్న బలం. అయితే వాళ్లను పంపేటప్పుడు మనం చెప్పే జాగ్రత్త ఒక్కటే: “కొత్తోళ్లు ఏమన్నా ఇస్తే తీసుకోవద్దు.” దాంతో మన పని అయిపోయిందనుకుంటాం. పిల్లలపై వేధింపుల గురించి మనలో పాతుకుపోయిన మొదటి అపోహ అదే.

“భయమంతా కొత్తోళ్లతోనే”

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. 2019 నవంబరులో మదనపల్లె దగ్గర ఒక కల్యాణ మండపంలో, పెళ్లికి వచ్చిన చిన్నారిపై జరిగిన ఘోరం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2020 ఫిబ్రవరిలో చిత్తూరు కోర్టు దోషికి ఉరిశిక్ష విధించింది. అలాంటి కేసు పేపర్లో వస్తుంది, టీవీలో వస్తుంది, మనసులో నిలిచిపోతుంది. ఇంటి నాలుగ్గోడల మధ్య జరిగేది పేపరుకెక్కదు. అందుకే మన భయం ఎప్పుడూ బయటివాడి వైపే చూస్తుంది.

లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో, మన రాష్ట్రంలో కూడా, 12,447 మంది పిల్లలను కదిలించి అడిగారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లోనైతే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి మించి నిందితులు తెలిసినవాళ్లే: బంధువు, ఇరుగుపొరుగు, కుటుంబ స్నేహితుడు.

పండక్కి చుట్టాలొస్తారు. బిడ్డ వెనక్కి వెనక్కి పోతుంటే “మామకు ముద్దియ్యి, సిగ్గెందుకు?” అని మనమే ముందుకు తోస్తాం. ఆ చుట్టం మంచివాడే కావచ్చు, ఎక్కువ మంది మంచివాళ్లే. కానీ ఆ క్షణంలో బిడ్డ నేర్చుకునే పాఠం ఒకటుంది: పెద్దవాళ్లు అడిగితే నా ఒంటి మీద నాకు మాట లేదు. తర్వాత ఎప్పుడో, ఎవరో మంచివాడు కానివాడు అడిగినప్పుడు ఆ పాఠమే గుర్తొస్తుంది. దండం పెడితే చాలు, మర్యాదకు లోటు రాదు. స్నానం చేయించేటప్పుడే ఒంట్లోని అన్ని భాగాల పేర్లూ ముక్కు, చెవి చెప్పినంత మామూలుగా చెప్పాలి. పేరే తెలియని చోట ఏం జరిగిందో పిల్లలు ఎలా చెబుతారు? ఇంకొక్క నియమం అయిదేళ్ల బిడ్డకూ అర్థమవుతుంది: ఎవరైనా “అమ్మకు చెప్పొద్దు” అంటే, ఆ మాట ముందు అమ్మకే చెప్పాలి.

“మగపిల్లాడికి ఏమవుతుంది?”

అదే 2007 అధ్యయనంలో లైంగిక వేధింపులకు గురయ్యామని చెప్పిన పిల్లల్లో మగపిల్లలు 52.94 శాతం, అంటే సగానికి పైనే. పోక్సో చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండని ఎవరైనా బిడ్డే, ఆడా మగా తేడా లేదు. “మగాడివి, ఏడుస్తావేంరా” అని మనం పెంచిన పిల్లవాడు నోరు విప్పడానికి ఇంకా ఎక్కువ వెనకాడతాడు. వాడికి మనం కాపలా తక్కువ పెడతాం, అడగడం అసలే తక్కువ.

“పిల్లలు కల్పించి చెబుతారు”

పిల్లలు సినిమాలో లాగా ఒకే రోజు కూర్చుని అంతా చెప్పరు. “ఆ ట్యూషన్‌కు నేను పోను” అంటారు. ఎందుకంటే చెప్పరు. కడుపునొప్పి అంటారు. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెడుతుంది. ఒక మనిషి ఇంటికొస్తే వంటింట్లోకి పోయి కూర్చుంటుంది. వీటిలో ఏ ఒక్కటీ వేధింపుకు రుజువు కాదు, వేరే కారణాలుండొచ్చు. కానీ ప్రతి ఒక్కటీ ఆగి అడగడానికి కారణమే.

బిడ్డ చెప్పడం మొదలుపెట్టినప్పుడు మన మొహంలో కోపం, భయం కనిపిస్తే అక్కడితో ఆగిపోతుంది. “ముందే ఎందుకు చెప్పలేదు?” అనే ప్రశ్న ఎంత ప్రేమతో అడిగినా బిడ్డకు నింద లాగే వినిపిస్తుంది. చెప్పనివ్వాలి. మళ్లీ మళ్లీ తవ్వకూడదు. చుట్టాలందరి ముందూ మళ్లీ చెప్పించకూడదు. “చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు” అంటే చాలు. తప్పుడు ఫిర్యాదు భయం పోక్సో చట్టానికీ తెలుసు. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దవాళ్లకు 22వ సెక్షన్ శిక్ష పెట్టింది, బిడ్డకు మాత్రం ఏ శిక్షా లేదని అదే సెక్షన్ తేల్చి చెప్పింది.

“స్టేషన్ మెట్లెక్కితే పరువు పోతుంది, ఊళ్లోనే తేల్చుకుందాం”

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఈ మాటే. పెద్దమనుషులు కూర్చుంటారు, ఏదో ఒక మొత్తం చేతులు మారుతుంది, లేదా “ఇంకెప్పుడూ ఆ గడప తొక్కడు” అని ఒట్టు వేయిస్తారు. వాడు ఇంకో గడప తొక్కుతాడు.

2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టంలో రాజీకి చోటు లేదు. రాజస్థాన్‌లో ఒక టీచరుపై పెట్టిన కేసును, ఇరువైపులా రాజీ పడ్డారని అక్కడి హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసు నడవాల్సిందేనంది. పైగా నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పడం 19వ సెక్షన్ ప్రకారం బాధ్యత. చెప్పకుండా దాచితే ఆరు నెలల దాకా జైలు. బడిలోనో సంస్థలోనో తన కిందివాళ్లు చేసిన నేరాన్ని బాధ్యుడు దాస్తే ఏడాది దాకా. పంచాయితీలో కూర్చునే పెద్దలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక పరువు. బిడ్డ పేరు, బడి, ఇల్లు, ఫొటో, ఏదీ మీడియాలో రాకూడదు. వస్తే శిక్ష ఉంది. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డకు ఇష్టమైన ఇంకో చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి, ఒంటి మీద యూనిఫాం ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి, అమ్మో నాన్నో, బిడ్డ నమ్మే మరొకరో పక్కనుండాలి. కేసు కట్టకముందే ఆ పరీక్ష చేయించుకోవచ్చు. కోర్టులో నిందితుడు బిడ్డ కంటపడకుండా చూడాలి. ఇవన్నీ ప్రతి చోటా చక్కగా జరుగుతున్నాయని నేననను. కానీ ఇవి మనం అడిగి తీసుకోవాల్సిన హక్కులని తెలిస్తే స్టేషన్ ముందు మన గొంతు మారుతుంది.

నగరివాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు. ఇక్కడ చాలా ఇళ్లలో తమిళమే మాతృభాష. బిడ్డ తమిళంలోనే చెప్పొచ్చు, అవసరమైతే దుబాసీని పెట్టాలని చట్టంలోనే ఉంది. రెండోది సరిహద్దు. పెళ్లికని తిరుత్తణికి పోయిన బిడ్డకు అక్కడ ఏదైనా జరిగితే ఫిర్యాదు తమిళనాడులోనే ఇవ్వాలన్నది అపోహ. జీరో ఎఫ్ఐఆర్ కింద నగరి స్టేషన్లోనే నమోదు చేసి, తర్వాత అటు పంపాలి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది స్పష్టంగా రాసి ఉంది.

“నాలుగు తగిలిస్తేనే చదువొస్తుంది”

వేధింపు అంటే లైంగికమైనదే అనుకోవడం కూడా అపోహే. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని మద్రాసు బడిలో మందబుద్ధి కింద జమకట్టి కొట్టేవారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఆ పిల్లవాడే పెద్దయ్యాక, భయం లేని చదువు కోసం తన పుట్టినూరికి దగ్గరలో రిషివ్యాలీ బడికి కారకుడయ్యాడు. బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాసింది కూడా కొట్టి, భయపెట్టి పెంచే పెంపకానికి ఎదురుగానే. కాబట్టి పిల్లల్ని కొట్టొద్దనడం మనకు ఎక్కడినుంచో దిగుమతైన మాట కాదు. విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ 2010 ఏప్రిల్ 1 నుంచి బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. స్వీడన్ 1979లో ఇంట్లో కూడా నిషేధించింది. ఆ దారిన ఇప్పటికి 60కి పైగా దేశాలు నడిచాయి.

నగరికి పొరుగునున్న పుత్తూరుకు ఎముకల కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. “మంచం మీంచి పడింది” అనే మాట అక్కడ ఎన్నిసార్లు వినబడి ఉంటుందో. చాలాసార్లు అది నిజమే, కానీ అన్నిసార్లూ కాదు. అమెరికాలోని డెన్వర్‌లో పిల్లల డాక్టరు హెన్రీ కెంప్, ఆయన తోటివాళ్లు 1962లో ఒక వ్యాసం అచ్చు వేసేదాకా అక్కడి డాక్టర్లూ తల్లిదండ్రులు చెప్పిందే రాసుకునేవారు. ఒకే బిడ్డ ఎక్స్‌రేలో వేర్వేరు కాలాల్లో విరిగి అతికిన ఎముకలు కనిపిస్తే అది పడిన దెబ్బ కాకపోవచ్చని వాళ్లు చెప్పారు. ప్రపంచం ఈ విషయాన్ని వైద్య సమస్యగా చూడటం అక్కణ్నుంచే మొదలైంది. కట్టు కట్టే చేతులు, సూది వేసే చేతులు, బడిలో హాజరు వేసే చేతులు, ఇవే దెబ్బను ముందు చూసేవి.

“పెళ్లి చేసేస్తే బిడ్డ భద్రం”

ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో నూటికి దాదాపు 29 మందికి 18 నిండకముందే పెళ్లయిందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాలం బాగాలేదు, మేనమామే కదా, ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది అంటారు. భార్యకు 18 నిండకపోతే ఆమెతో శారీరక సంబంధం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. వేధింపు నుంచి కాపాడాలని చేసే ఆ పెళ్లి, బిడ్డను వేధింపులోకే పంపుతుంది.

“ఫోన్లో చూస్తే, దాచుకుంటే నేరమా?”

నేరమే. చెన్నై అంబత్తూరులో మొదలైన ఒక కేసులో, పిల్లల అశ్లీల వీడియోలను ఫోన్లో ఉంచుకోవడం నేరం కాదని మద్రాసు హైకోర్టు అంటే, 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ వీడియో ఒక బిడ్డపై జరిగిన నేరానికి రికార్డు. చూసినప్పుడల్లా, పంపినప్పుడల్లా నేరం కొనసాగుతూనే ఉంటుంది. ఇలాంటి వీడియోలపై హైదరాబాదులోని ప్రజ్వల సంస్థ 2015లో సుప్రీంకోర్టుకు రాసిన లేఖతోనే దేశంలో ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌కు దారి పడింది. వాట్సాప్ గ్రూపులో అలాంటిది వస్తే “చూడండి ఎంత దారుణమో” అని మరొకరికి పంపడం కూడా తప్పే.

“ఇది ప్రభుత్వం చూసుకోవాల్సింది”

పిల్లల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించింది. మన దేశం 1992 డిసెంబరులో అందులో చేరింది. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు, పోక్సో ఆమె కాలంలోనే వచ్చింది. ప్రపంచంలో ఏటా వంద కోట్ల మంది దాకా పిల్లలు ఏదో ఒక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2024 నవంబరులో కొలంబియా రాజధాని బొగోటాలో ఈ విషయం మీదే దేశాల మంత్రులు తొలిసారి సమావేశమయ్యారు.

అయితే పిల్లలపై హింసను ఆపడానికి ఆరోగ్య సంస్థ 2016లో సూచించిన ఏడు మార్గాల్లో చట్టం ఒకటి మాత్రమే. సమాజపు అలవాట్లు మార్చడం, తల్లిదండ్రులకు ఆసరా, కుటుంబానికి ఆదాయం, పిల్లలకు బతుకు నైపుణ్యాలు కూడా అందులో ఉన్నాయి. నగరిలో దాని అర్థం చాలా మామూలుగా ఉంటుంది. మగ్గాల షెడ్ల దగ్గర పిల్లలు సాయంత్రం ఉండటానికి నలుగురి కళ్ల ముందుండే ఒక గది. ట్యూషన్ గది తలుపు తెరిచే ఉండాలన్న నియమం. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల తర్వాత ఈ విషయానికీ పావుగంట.

అనుమానం వచ్చినప్పుడు పూర్తి రుజువు చేతికొచ్చేదాకా ఆగాలన్నది చివరి అపోహ. రుజువు వెతకడం పోలీసుల పని. పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఇటు నగరిలోనూ అటు తిరుత్తణిలోనూ అదే నంబరు, ఖర్చు లేదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ పెట్టకూడదని పోక్సో 19వ సెక్షన్‌లోనే ఉంది.