ఎక్స్ఛేంజ్ చదువు: ఎత్తులూ పల్లాలూ

పరదేశంలో చదువు మనిషిని విశాలం చేస్తుందన్నది అందరూ ఒప్పుకొనే మాటే. ఆ మార్పు ఏ క్రమంలో వస్తుందన్నదే చిక్కు ప్రశ్న.

1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త లిస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ సహాయంతో అమెరికా వెళ్ళివచ్చిన 200 మంది నార్వేజియన్ల అనుభవాలను విశ్లేషించాడు. అక్కడ 6 నెలలలోపు ఉన్నవారు, 18 నెలలు దాటినవారు బాగానే ఇమిడిపోయారు. నడిమి కాలం గడిపినవారే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. తొలి పరిచయాలు పైపైవే అయినా కొంతకాలం సరిపోతాయి; మనసు విప్పే స్నేహం కావలసివచ్చినప్పుడు ఒంటరితనం బయటపడుతుందని ఆయన వివరణ. దీనికే ‘యు’ రేఖ అని పేరు. 1963లో గలాహార్న్ దంపతులు స్వదేశం చేరాక వచ్చే మరో పల్లాన్నీ కలపడంతో అది ‘డబ్ల్యు’ అయింది.

అయితే లిస్‌గార్డ్ ఒకే మనుషులను కాలక్రమంలో గమనించలేదు. వేర్వేరు కాలాలు గడిపినవారిని పోల్చాడు. న్యూజీలాండ్‌కు వచ్చిన జపాన్ విద్యార్థులను కాలీన్ వార్డ్ బృందం ఏడాదిపాటు గమనించి 1998లో ఫలితాలు ప్రచురించింది. వారికి అన్నిటికన్నా కష్టమైనవి తొలిరోజులే.

ఈ తేడా చిన్నది కాదు. ఒక్క సెమిస్టరుకు వెళ్ళిన విద్యార్థి మొదటి లెక్కన పల్లం రాకముందే తిరిగివస్తాడు; రెండో లెక్కన దాన్ని దాటి వస్తాడు. కనుక ఏ రేఖనూ జాతకంలా చదవకూడదు. దిగులు ఎప్పుడు వచ్చినా అది వైఫల్యానికి గుర్తు కాదు. అప్పుడు కావలసినది అక్కడ ఒక గాఢమైన స్నేహం, తిరిగివచ్చాక ఇంట్లో ఓపికగా వినే మనిషి.