కుంగిన మనస్సుకు నడక తోడు

పాలమూరు సీమలో వ్యాయామమును బోధించుట పరిహాసమని కొందరికి తోచవచ్చును. వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలనుండి మట్టిపనికి వలసపోయిన కూలీకి చెమట కొరతయా? అయినను పొట్టకై చేయు చాకిరి వేరు, ఇచ్ఛతో చేయు వ్యాయామము వేరు. గద్వాలలో మగ్గముగుంటలో కాళ్లుంచి దినమెల్ల కూర్చుండు నేతగానికిని, పుస్తకమునకు అతుక్కొనిన విద్యార్థికిని ఈ రెండవది మిక్కిలి అవసరము.

కుంగుబాటు సోమరితనము కాదు, వ్యాధి. కుంగినవాడు కదలడు, కదలనికొలది మరింత కుంగును. ఆ వలయమును తెంచుటకు నడక తోడ్పడును.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏబదియేండ్లు, ఆపై వయస్సుగల 156 మంది రోగులను పరిశీలించి 1999లో ఫలితములు ప్రకటించిరి. ఔషధము త్వరగా గుణమిచ్చెను. కాని 16 వారములు ముగియునప్పటికి వ్యాయామము చేసినవారును ఇంచుమించు అంతే కోలుకొనిరి. అంతమాత్రమున వైద్యుడిచ్చిన మందు మానరాదు.

పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల శరీరశ్రమ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను. పరీక్షలు సమీపించగానే ఆటలగంటను గణితమునకు ధారపోయు ఉపాధ్యాయులు దీనిని యోచింపవలెను.

మూల కూర్చున్న బాలుని "లేచి పరుగెత్తు" మని గద్దించిన ప్రయోజనము లేదు. అతనికి లేచుటయే భారము. కేసరిసముద్రం కట్టపై పది నిమిషములు తోడు నడచుట మేలు. చావుమాట అతని నోట వచ్చినచో నడకతో సరిపెట్టరాదు. వెంటనే వైద్యునియొద్దకు చేర్పవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఫోను చేయవచ్చును. ఆ పిలుపునకు రుసుము లేదు.