పేర్లలో మిగిలిన పాతబందరు

మచిలీపట్టణంలో ఇంగ్లీషుపాలెం ఉన్నది, వలందపాలెం ఉన్నది, పరాసుపేట ఉన్నది. ఈ మూడు పేర్లనూ ఒకచోట చేర్చి చదువుకున్నవారికి రెండు శతాబ్దుల తీరాంధ్ర చరిత్ర సగం అర్థమైనట్టే. వలందులంటే హాలెండు దేశస్థులు, పరాసులంటే ఫ్రెంచివారు. ఏ జాతి వర్తకులు ఎక్కడ బసచేశారో ఆ చోటు నేటికీ వారి పేరనే చెలామణి అవుతున్నది. వారు కట్టిన మేడలు మాత్రం చాలవరకు లేవు. గోడ పడిపోయి పేరు నిలవడం బందరులో చూడవలసిన విశేషం.

బందరు అన్నమాట సైతం పరాయిదే. పారశీకంలో దానికి ఓడరేవని అర్థం. గోలకొండ సుల్తానుల ఏలుబడిలో ఇది ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవు. అద్దకపు బట్టలు ఇక్కడ ఓడలకెక్కి పారశీకానికీ, తూర్పుదీవులకూ పోయేవి. మస్లిన్ అనే సన్నబట్టకు మచిలీపట్టణం వల్లనే ఆ పేరు వచ్చిందని కొందరు అభిమానంతో చెబుతారు కాని, ఆ గౌరవం ఇరాకులోని మోసుల్ నగరానిదని నిఘంటుకారులు నిర్ణయించారు. కలంకారీ ఉండగా మనకు ఎరువు కీర్తి ఎందుకు?

పదిహేడవ శతాబ్ది తొలి యేండ్లలోనే వలందులు దిగారు. 1611లో ‘గ్లోబు’ అనే ఓడలో ఆంగ్లేయులు వచ్చి వర్తకస్థానం పెట్టారు. 1669లో ఫ్రెంచివారు వచ్చారు. ఈ స్థానాలను ఆనాడు ‘ఫ్యాక్టరీ’ అనేవారు. విద్యార్థులు ఆ మాట విని యంత్రాలనూ, పొగగొట్టాలనూ ఊహించుకోరాదు. ఫ్యాక్టరు అంటే కంపెనీ గుమాస్తా. అతడు కాపురముండి సరకు నిలవచేసే ఇల్లూ గిడ్డంగీ కలిసి ఫ్యాక్టరీ. 1639లో మదరాసులో కోటకు చోటు సంపాదించిన ఆంగ్లేయులకు వెనుక ఆలంబనం ఈ బందరు వర్తకస్థానమే.

డెల్టా ఒండ్రునేల రాతికి పేద. అందుచేత ఇక్కడి కట్టడం ఇటుక, గుల్లసున్నాల కట్టడం. నేర్పుగా కడితే అది రాతితో పోటీపడగలదు. కాని ఉప్పుగాలి దానిని ఏటేటా కొరుక్కుతింటుంది. కోటను పట్టణంలో కాక, ఆగ్నేయంగా సముద్రపు దిక్కున, ఉప్పుటేర్లూ బురదనేలలూ చుట్టిన చోట కట్టారు. ఊరికీ కోటకూ నడుమ సుమారు రెండు మైళ్ల చిత్తడి. ఆ బురదే కోటకు కందకమని 1750 నుండి దానినేలిన ఫ్రెంచివారు నమ్మారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు సైన్యంలో ఒక భాగం రాత్రివేళ ఆ బురదలోనే నడిచి కోటపై పడింది. అంతటితో ఉత్తరసర్కారులలో ఫ్రెంచి ప్రాబల్యం ముగిసింది. బందరుకోటను జనం ‘డచ్చికోట’ అనడం కద్దు. నిజానికి అది ఏ ఒక్కరిదీ కాదు, ఒకరి పునాదిపై మరొకరు కట్టుకున్నది.

శత్రువు చేయలేనిది సముద్రం చేసింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను రేపిన ఉప్పెన కోటనూ పట్టణాన్నీ ముంచి, చుట్టుపట్ల గ్రామాలతో కలిపి సుమారు 30 వేలమందిని పొట్టనపెట్టుకున్నది. మరుసటి యేడే ప్రభుత్వం కోటలోని సైన్యాన్ని ఎత్తివేసింది. రేవు అప్పటికే క్షీణదశలో ఉన్నది: సముద్రం లోతులేక ఓడలు తీరానికి దూరంగా లంగరు వేయవలసి వచ్చేది, సీమ మరల బట్ట మన మగ్గాన్ని కొట్టివేసింది. ఆ తరువాతి బందరు వర్తకుల ఊరు కాదు, చదువుల ఊరు. 1843లో స్థాపితమైన నోబుల్ పాఠశాల, 1902లో వెలసిన కృష్ణాపత్రిక, 1910 నాటి ఆంధ్ర జాతీయ కళాశాల దీనికి సాక్ష్యం. ఆ కథ వేరే చెప్పుకోదగినది.

పరాసుపేట విషయం మరింత విచిత్రం. కోట పోయినా, రాజ్యం పోయినా, ఫ్రెంచివారికి బందరులో ‘లోజ్’ అని పిలిచే చిన్న స్థలంపై హక్కు మిగిలింది. 1947 ఆగస్టు 15న దేశమంతటా మువ్వన్నె జెండా ఎగిరిన నాడు కూడ ఈ జాగా చట్టరీత్యా ఫ్రాన్సుదే. అక్టోబరు 6వ తేదీన కాని మన ప్రభుత్వానికి దఖలు కాలేదు. పాండిచ్చేరి, యానాముల సంగతి పాఠ్యపుస్తకాలలో ఉన్నది. కృష్ణాజిల్లా ముఖ్యపట్టణంలోనే ఇట్టి ముక్క ఒకటి ఉండేదని ఆ జిల్లా బాలురలో ఎందరికి తెలుసు? మండువా లోగిళ్లు పోయి అంతస్తుల ఇళ్లు లేస్తున్నాయి. అది తప్పనలేము, ఇల్లు మనిషి ఉండడానికే. కాని పేట పేరు మార్చాలని ఎవరైనా తలపెడితే, అక్కడ పోయేది బోర్డుమీది నాలుగక్షరాలు మాత్రమే కాదు. ఆ స్థలానికి ఉన్న ఒకేఒక దస్తావేజు పోతుంది.

2023 మే నెలలో బందరుకు కొత్త ఓడరేవు పని మొదలైంది. ఓడలతోపాటు రోడ్లూ, గిడ్డంగులూ, నివేశనస్థలాల బేరాలూ వస్తాయి. ఊరికీ సముద్రానికీ నడుమనున్న నేల విలువ పెరగక మానదు. ఆ నేలమీదనే బందరుకోట శిథిలాలున్నాయి. వలందుల సమాధులు ఇంకా మిగిలి ఉన్నాయి. రాయి పుట్టని ఈ నేలకు ఎక్కడినుంచో రాతిపలకలు తెప్పించి, వంశచిహ్నాలతో సహా డచ్చి అక్షరాలు చెక్కించుకున్నారు. ఇటుక మేడలు కూలినా ఆ అక్షరాలను నేటికీ వేలితో తడిమి చదవవచ్చు.