దొరికినా పన్నే, దొరక్కపోయినా పన్నే

ఆస్ట్రేలియాలో 1851 జులై 1న న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపోయి విక్టోరియా వేరు కాపురం పెట్టింది. కొద్ది వారాలకే బంగారం బయటపడింది. గుమస్తాలు, నావికులు, పోలీసులు కొలువులు వదిలేసి పలుగూ పారా పట్టారు. గనుల దగ్గర కాపలాకు మనుషులు కావాల్సిన సమయానికి ప్రభుత్వానికి మనుషులే లేరు. ఉన్నవాళ్లు నిలవాలంటే జీతాలు పెంచాలి. 1851లో సుమారు 77 వేలున్న జనాభా పదేళ్లలో 5 లక్షల 40 వేలకు చేరింది. రోడ్లు, కోర్టులు, బంగారం బళ్లకు సాయుధ రక్షణ... అన్నిటికీ ఖర్చే.

లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ జోసెఫ్ లా ట్రోబ్ సులువైన దారి పట్టాడు. తవ్వే ప్రతి మనిషీ నెలకు 30 షిల్లింగుల లైసెన్సు కొనాలన్నాడు. బంగారం దొరికిందా లేదా అన్నది సర్కారుకు అనవసరం. ఆ డిసెంబరులోనే రుసుము రెట్టింపు చేయబోతే వేలమంది గుమిగూడి ఎదురుతిరిగారు. వెనక్కి తగ్గాడు.

అన్యాయం ఎక్కడుందో లెక్క చూస్తే తెలుస్తుంది. నెలనెలా 30 షిల్లింగులంటే ఏడాదికి 18 పౌన్లు, అదీ నాలుగడుగులు వేస్తే దాటిపోయే జాగాకు. నాలుగు వేల గొర్రెలు మేసే సర్కారు బీడుకు పెద్ద ఆసామి కట్టే ఏడాది అద్దె 10 పౌన్ల నుంచి మొదలయ్యేది! శాసనమండలిలో ఆ ఆసాములకు గొంతుంది. తవ్వేవాడికి ఓటే లేదు.

1853లో రుసుము తగ్గినా బల్లారట్ గనుల్లో కడుపుమంట చల్లారలేదు. అక్కడి బంగారం లోతున ఉంటుంది. నెలల తరబడి బావి తవ్వితేగానీ అడుగు కనపడదు. ఈలోగా లైసెన్సు గడువు మాత్రం ఆగదు. కాగితం లేనివాణ్ణి పట్టుకున్న పోలీసుకు జరిమానాలో సగం ముట్టేది. ఇక వాళ్ల హుషారు చెప్పాలా? పోలీసులు కనపడగానే గుంతల్లోంచి ‘జో! జో!’ అని కేకలు లేచేవి. లా ట్రోబ్ పేరే అలా హెచ్చరికైపోయింది.

1854లో వచ్చిన కొత్త లెఫ్టినెంట్ గవర్నర్ చార్లెస్ హోథమ్‌కు లోటు ఖజానా స్వాగతం చెప్పింది. నౌకాదళ అధికారి కదా, వసూలు కఠినం చేస్తే సరిపోతుందనుకున్నాడు. వారానికి రెండుసార్లు తనిఖీలు చేయించాడు. నా దృష్టిలో ఆ ఏడాది చివర బల్లారట్‌లో లేచిన యురేకా తిరుగుబాటుకు తొలి ముద్దాయి ఈ ఉత్తర్వే. నవంబరు 29న అక్కడి తవ్వకందార్లు లైసెన్సులు తగలబెట్టారు. డిసెంబరు 3 తెల్లవారుజామున వాళ్లు రక్షణగా కట్టుకున్న దడి మీద సైన్యం పడి ఇరవై మందికి పైగా తవ్వకందార్లను చంపింది. నాయకుడు పీటర్ లేలర్ ఎడమ చెయ్యి పోయింది. రాజద్రోహం కేసులో 13 మందినీ జ్యూరీ వదిలేసింది.

1855లో లైసెన్సు రద్దయింది. ఏడాదికి ఒక్క పౌనుతో తవ్వే హక్కు, దానితోపాటే ఓటూ వచ్చాయి. ప్రధాన భారం ఎగుమతయ్యే బంగారం మీదికి, ఔన్సుకు రెండున్నర షిల్లింగుల చొప్పున మళ్లింది. దొరికినవాడే కట్టాలన్న ఇంగితం నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఆ ఇంగితం చైనీయుల దాకా రాలేదు. అదే ఏడాది ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌన్ల తలపన్ను వేశారు. దాన్ని తప్పించుకోవడానికి వేలమంది పొరుగున ఉన్న సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు నడిచి గనులు చేరారు. 1857లో సౌత్ ఆస్ట్రేలియా కూడా అదే పన్ను వేసింది.