పికప్ పడిపోయిందా? ముందు ఫిల్టర్లు చూడండి

పుల్లలచెరువు: యర్రగొండపాలెం మీదుగా మార్కాపురం ఆసుపత్రికి రోగిని తీసుకువెళుతున్నారనుకోండి. ఊరు దాటేదాకా కారు బాగానే నడిచింది. ముందు పోతున్న పత్తి ట్రాక్టరును దాటుదామని ఎక్స్‌లేటర్ తొక్కారు. బండి ఊపందుకోవడానికి బదులు నీరసపడింది. ఎదురుగా లారీ వస్తోంది. కారులో వున్నవారికి పై ప్రాణాలు పైనే పోతాయి.

పికప్ పోవడం బండికి వయసు మీదపడిందని సరిపెట్టుకునే విషయం కాదు. ప్రాణాల మీదికి తెచ్చే లోపం. అలాగని "ఇంజన్ పని అయిపోయింది, విప్పాల్సిందే" అన్న మాట వినగానే వేల రూపాయలకు సిద్ధపడనక్కర లేదు. చాలాసార్లు జబ్బు చిన్నదే. ఖర్చు తక్కువ పనితో మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి.

ఇంజనుకూ ఊపిరి కావాలి

ఒక్క లీటరు పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలంతా ఎయిర్ ఫిల్టర్ లోని కాగితం మడతల గుండానే లోపలికి పోవాలి. మన ప్రాంతంలో వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. మట్టి బాటలు, మార్కాపురం చుట్టుపక్కల పలకల క్వారీల ధూళి, పొలం పనుల రోజుల్లో రేగే దుమ్ము అన్నీ ఆ కాగితానికే పట్టుకుంటాయి. అది పూడుకుపోతే బండికి ఆయాసం వస్తుంది. డీజిల్ బండి అయితే నల్లని పొగ కూడా వదులుతుంది. మైలేజీ పడిపోతుంది.

అందుకే ముందు ఆ డబ్బా మూత తీసి చూడండి. కాగితం మట్టిరంగు తిరిగి, మడతల్లో దుమ్ము పేరుకుని వుంటే మార్చడం మంచిది. తప్పనిసరైతే లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టించి కొద్దిరోజులు వాడుకోవచ్చు. గాలి జోరు ఎక్కువైతే కాగితం చిరుగుతుంది. ఫిల్టర్ తీసేసి బండి నడిపేవారూ వున్నారు. ఇది మాత్రం చేయకూడదు. లోపలికి పోయిన మట్టి సిలిండర్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. వందల్లో తేలే పని వేలల్లోకి పోతుంది.

చెరువు నిండినా కాలువ పూడితే

చెరువులో నీరున్నా కాలువ పూడితే చివరి మడికి తడి అందదు. ఇంధనం ఫిల్టర్ పూడినా అంతే. బండి స్టార్టవుతుంది, నిలబెట్టినచోట చక్కగా ఆడుతుంది, మెల్లగా పోతే ఏమీ తెలియదు. గట్టెక్కేటప్పుడు, బరువు వేసినప్పుడు, జోరుగా తొక్కినప్పుడు మాత్రం ఆగి ఆగి లాగుతుంది. కాసేపు నిలిపితే మళ్లీ కొంత దూరం బాగానే పోతుంది. ఈ గుర్తులు కనిపిస్తే ముందు ఇంధనం ఫిల్టర్‌నే అనుమానించాలి. ఫిల్టర్ మార్చినా మార్పు లేకపోతేనే పంపు ఒత్తిడి కొలిపించాలి.

డీజిల్ ఫిల్టర్ అడుగున చాలా బండ్లకు నీరు వదిలే మర వుంటుంది. అప్పుడప్పుడు దాన్ని వదులు చేసి నీరు తీసేయాలి. ఫిల్టర్ మార్చాక లోపల గాలి చేరితే బండి మొరాయిస్తుంది. పాత బండ్లలో చేతి పంపు కొట్టి ఆ గాలి తీసేస్తారు.

సీసాల్లో, డబ్బాల్లో అమ్మే పెట్రోలుతో జాగ్రత్త. నీరు, మురికి కలిసే వీలుంది. నేడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ వుంటోంది. దానికి నీటిని పీల్చుకునే గుణం వుంది. బంకులోనే అనుమానం వస్తే ఫిల్టర్ కాగితం అడగవచ్చు. పెట్రోలు చుక్క ఆరిపోయాక మరక మిగిలితే కల్తీని శంకించాలి. కాగితం అడగడం వినియోగదారుని హక్కు.

మిస్సింగ్ కొడుతుంటే

పెట్రోలు కారు తొక్కినప్పుడల్లా కుదుపులతో మిస్సింగ్ కొడితే ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్ చూడాలి. ప్లగ్గు మొన నల్లగా మసిబారినా, అరిగినా నిప్పు సరిగా పడదు. ఖాళీగా ఆడేటప్పుడు బయటపడని ఈ లోపం బరువు పడగానే బయటపడుతుంది.

ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు

తొక్కితే ఇంజన్ శబ్దం పెరిగి, వేగం మాత్రం పెరగడం లేదా? కాలిన వాసన కూడా వస్తోందా? అయితే ఇంజన్‌ను అనడానికి లేదు, క్లచ్ ప్లేటు జారుతోందని తెలుసుకోవాలి. కొంతదూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ఒక చక్రం మిగతావాటికన్నా బాగా సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి వుంటుంది. టర్బో వున్న డీజిల్ బండిలో తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, నల్లపొగ వస్తే గాలి గొట్టం చిరిగిందేమో, క్లిప్పు వూడిందేమో చూడాలి.

కొత్త కార్ల సంగతి

అంబాసిడర్ల రోజుల్లో కార్బురేటర్ విప్పి, జెట్ ఊది బిగిస్తే సగం జబ్బులు పోయేవి. ఇప్పటి కార్లలో ఆ పని కంప్యూటర్ చూస్తుంది. ఏదైనా తేడా వస్తే ఇంజన్ లైటు వెలిగించి, తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. అప్పుడు స్కానర్ పెట్టించి, వచ్చిన కోడ్‌ను కాగితం మీద రాయించుకోవాలి. కోడ్ అన్నది అనుమానం ఎక్కడుందో చూపుతుందే తప్ప ఫలానా సామాను మార్చమని తీర్పు చెప్పదు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బిఎస్-6 నిబంధనల తర్వాత వచ్చిన డీజిల్ కార్లలో మసిని పట్టే మరో ఫిల్టర్ పొగగొట్టంలో వుంటుంది. రోజూ ఊళ్లోనే నాలుగడుగులు తిరిగే బండిలో ఆ మసి కాలదు, పేరుకుంటుంది. దాని లైటు వెలిగితే కంపెనీ పుస్తకంలో చెప్పిన ప్రకారం పెద్ద రోడ్డు మీద కొంతసేపు ఆగకుండా నడపాలి.

దారిలో ఇబ్బంది వస్తే

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లోనో, గిద్దలూరు–నంద్యాల మధ్య నల్లమలలోనో బండి బలం తగ్గితే పంతానికి పోవద్దు. ముందు బండిని దాటే ప్రయత్నం మానేసి, ఎడమకు ఇండికేటర్ వేసి, గేరు తగ్గించి వెడల్పయిన చోటు చూసి ఆపాలి. వేడి ముల్లు ఎర్రగీతకు చేరితే ఇంజన్ ఆపేయాలి. రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకూడదు.

మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు "పికప్ లేదు" అని ఒక్క ముక్కతో సరిపెట్టవద్దు. ఎప్పుడు తగ్గుతోంది, చల్లగా వున్నప్పుడా వేడెక్కాకనా, పొగ ఏ రంగు, ఏ లైటు వెలిగింది, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు అన్న ఐదు మాటలు చెప్పండి. తీసేసిన పాత సామాను అడిగి చూడండి. రోగం సరిగా చెప్పినవారికే మందు తక్కువలో దొరుకుతుంది.