నిలవని లాగిన్: లోపనిర్ధారణ క్రమం

హెచ్‌టీటీపీకి స్వతహాగా జ్ఞాపకం లేదు. ప్రతి అభ్యర్థననూ సర్వర్ కొత్తదిగానే చూస్తుంది. ఈ కొరతను పూరించడానికే 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ కుకీని రూపొందించారు. లాగిన్ సఫలమైనప్పుడు సర్వర్ ఒక సెషన్ గుర్తింపును కుకీగా పంపుతుంది; బ్రౌజర్ దానిని తరువాతి అభ్యర్థనలతో తిరిగి సమర్పిస్తుంది. పాస్‌వర్డ్ సరైనదైనా మరుసటి పేజీలోనే మళ్ళీ లాగిన్ అడుగుతున్నదంటే, లోపాన్ని ఈ రాకపోకల్లో వెతకాలి.

పరిశీలన మూడు అంచెలుగా సాగాలి. మొదటిది, సర్వర్ సమాధానంలో ‘సెట్-కుకీ’ హెడర్ ఉన్నదా? లేకుంటే దోషం సర్వర్ వైపుది. రెండవది, తరువాతి అభ్యర్థనలో ఆ కుకీ తిరిగి వెళ్తున్నదా? వెళ్లకుంటే డొమైన్, పాత్, సెక్యూర్, సేమ్‌సైట్ లక్షణాలను సరిచూడాలి. సేమ్‌సైట్ పేర్కొనని కుకీని క్రోమ్ 2020 నుండి ‘లాక్స్’గా పరిగణిస్తున్నది, కనుక వేరొక సైట్‌లో ఐఫ్రేమ్‌గా పొందుపరచిన పేజీ నుండి అది సర్వర్‌కు వెళ్లదు. ‘నన్’ అని పేర్కొంటే సెక్యూర్ కూడా తప్పనిసరి. మూడవది, చేరిన కుకీని సర్వర్ గుర్తిస్తున్నదా? పలు సర్వర్లు సెషన్లను ఎవరి మెమరీలో వారే దాచుకుంటే, ఒకదానిలో లాగిన్ అయిన వ్యక్తి మరొకదానికి అపరిచితుడే. ఉమ్మడి నిల్వ దీనికి పరిష్కారం.

ఈ క్రమాన్ని విడిచి సెషన్ గడువును పొడిగించడం రోగమెరుగని చికిత్స. లాగిన్ నిలవకపోగా, దొంగిలించిన కుకీ మరింత కాలం చెల్లుతుంది.