నల్లరేగడి నేలలో రంగుల ఆవరణ: పల్నాడు గృహాలకు వృక్షాలు, పొదల కూర్పు

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. పట్టణం అంచుల్లో నిన్నటి వరకు పత్తి, మిరప పండిన నల్లరేగడి నేలల్లో నేడు ఇళ్ళు లేస్తున్నాయి. గృహప్రవేశమైన తొలి తొలకరికే ఇంటి ముందు ఒక చెట్టు, ప్రహరీ వెంట నాలుగు పూల మొక్కలు నాటడం సాధారణం. అయితే నర్సరీలో పూత మీద ఉన్న మొక్కను చూసి ఎంచుకోవడమే తప్ప, అది పదేళ్ళకు ఎంత ఎదుగుతుందో, ఏ నెలలో పూస్తుందో, ఏ నెలలో ఆకు రాలుస్తుందో ఆలోచించేవారు తక్కువ. ఫలితంగా నీడ చేతికందే వయసులో చెట్టు గోడకు అడ్డమని, తీగలకు అడ్డమని నరికివేతకు గురవుతోంది. ఎంపికలో జరిగిన పొరపాటుకు చెట్టు మూల్యం చెల్లిస్తోంది. ఈ పరిస్థితిని నివారించి, ఏడాది పొడవునా ఆవరణలో రంగు నిలిచేలా వృక్షాలను, పొదలను ఎలా కూర్చుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

నేల, ఎండ, నీరు

రాష్ట్రంలో వేసవి ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోనిదే. నరసరావుపేట పరిసరాల్లోనూ మే నెల ఎండ లేత మొక్కలకు తొలి పరీక్ష. రెండవ పరీక్ష నేల. నల్లరేగడిలోని బంకమన్ను తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోయి లోతైన నెర్రెలిస్తుంది. ఈ నెర్రెలలో పీచువేర్లు తెగి, కొత్తగా నాటిన మొక్కలు తొలి వేసవిలోనే చనిపోతాయి. మూడవది సున్నం. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల నాపరాళ్ళకు ఆధారమైన సున్నపురాయి ఈ ప్రాంతపు అడుగు శిల. అందువల్ల చాలాచోట్ల నేలలో సున్నం పాలు ఎక్కువగా ఉండి, ఇనుము మొక్కకు అందని స్థితిలో ఉంటుంది. నూరువరహాల మొక్క లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతా భాగం పాలిపోవడానికి ఎక్కువ సందర్భాల్లో కారణం ఇదే. దీనిని నత్రజని లోపమని భావించి యూరియా వేయడం వల్ల ప్రయోజనం ఉండదు.

గోడకు, చెట్టుకు మధ్య దూరం

ఇతర నేలల్లో అంతగా పట్టించుకోని ఈ అంశం నల్లరేగడిలో ప్రధానమవుతుంది. వేసవిలో చెట్టు వేర్లు పునాది కింది తేమను పీల్చుకుంటే ఆ మేరకు మన్ను కుంచించుకుపోతుంది. వానాకాలంలో తిరిగి ఉబ్బుతుంది. పునాది లోతు తక్కువైన ఇళ్ళలో ఈ కదలికకు గోడలు పగుళ్ళిస్తాయి. కాబట్టి పూర్తిగా ఎదిగిన చెట్టు ఎత్తులో కనీసం సగం దూరాన్ని పునాదికి, మొక్కకు మధ్య వదలడం క్షేమం. పది మీటర్లు ఎదిగే రేలకు ఐదు మీటర్లు, ఆరు మీటర్లకు పరిమితమయ్యే చెట్టుకు మూడు మీటర్లు అవసరం. మర్రి, రావి, నిద్రగన్నేరు వంటి మహావృక్షాలు ఇళ్ళ స్థలాలకు తగవు. తురాయి పూత కన్నుల పండుగే అయినా దాని వేర్లు పైపైన పరచుకుంటాయి, కొమ్మలు పెళుసు. గాలివానకు విరిగి పడతాయి. దానికి బడి ఆవరణలు, విశాలమైన ఖాళీ స్థలాలు అనువైనవి. విద్యుత్ తీగల కింద పొదలు మినహా మరేదీ నాటరాదు.

వృక్షాల ఎంపిక: నీడ వేరు, రంగు వేరు

వేసవిలో నిండుగా పూసే వృక్షాల్లో పలు జాతులు పూతకు ముందు ఆకు రాలుస్తాయి. నల్లమల అడవుల్లో సహజంగా పెరిగే మోదుగ, రేల ఇందుకు ఉదాహరణలు. మోదుగ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులేని కొమ్మలపై కాషాయ వర్ణంలో, రేల ఏప్రిల్ నుండి జూన్ వరకు బంగారు గుత్తులతో పూస్తాయి. నీడ అత్యవసరమైన రోజుల్లో ఇవి రంగునిస్తాయే గాని దట్టమైన నీడనివ్వవు. కనుక స్థలం ఉన్నచోట సతతహరితమైన పొగడ వంటి నీడ చెట్టు ఒకటి, పూల చెట్టు ఒకటి జంటగా ఉండాలి. రాష్ట్ర వృక్షమైన వేప ఉగాదికి ముందు ఆకు రాల్చినా త్వరలోనే చిగురించి, నడివేసవికి నీడ సిద్ధం చేస్తుంది.

చిన్న స్థలాలకు పారిజాతం, దేవకాంచనం, దేవగన్నేరు తగినవి. పారిజాతం వానాకాలం చివర నుండి చలి మొదలయ్యే వరకు నారింజ కాడల తెల్లని పూలు రాలుస్తుంది. దేవకాంచనం వానలు వెనకబట్టాక ఊదా గులాబీ రంగులో పూస్తుంది. దేవగన్నేరు నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది. సాగర్ కుడి కాలువ నీరందే గ్రామాల్లో, తేమ నిలిచే స్థలాల్లో వరగోగు లేత ఊదా పూలతో వేసవి చివర అలరిస్తుంది.

ఒకే జాతిని వరుసగా నాటడం మంచిది కాదు. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేప చెట్లు కొమ్మ చివరల నుండి ఎండిపోయిన తీరు విస్తరణ శాస్త్రవేత్తలకు గుర్తుండే ఉంటుంది. శిలీంధ్రం, తేయాకు దోమ కలిసి కలిగించిన ఆ నష్టం నుండి చాలా చెట్లు కోలుకున్నా, జాతుల వైవిధ్యమే ఆవరణకు రక్షణ అన్న పాఠం మిగిలింది.

పొదల ఎంపిక

వృక్షం ఏడాదిలో రెండు మూడు నెలలు పూస్తుంది. మిగతా నెలల రంగు బాధ్యత పొదలదే. సున్నపు నేలను, ఎండను తట్టుకునే వాటిలో కాగితపు పూలు, రత్నగంధి, తంగేడు, టెకోమా ముఖ్యమైనవి. కాగితపు పూల మొక్క నీరు తగ్గించినప్పుడే విరివిగా పూస్తుంది. తరచూ నీరు పెడితే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. మందార, నందివర్ధనం, క్రోటన్లు మాత్రం క్రమం తప్పని తడిని, క్రోటన్లు పాక్షిక నీడను కోరతాయి. డిసెంబరు పూల పొదలు చలికాలపు లోటు తీరుస్తాయి. గన్నేరు ఎండకు ఎదురులేని పొదే అయినా దాని అన్ని భాగాలూ విషపూరితాలు. పచ్చగన్నేరు గింజలు ప్రాణాంతకం. పసిపిల్లలు, పశువులు తిరిగే ఇళ్ళకు వీటిని సూచించరాదు. అడవులను, బీళ్ళను ఆక్రమిస్తున్న పులికంపను రంగు కోసం పెరట్లోకి తీసుకురావడం తగదు.

రంగుల కూర్పు

రంగులు ఎన్ని ఉన్నాయన్నది కాక, ఏ రంగు పక్కన ఏది ఉన్నదన్నది అందాన్ని నిర్ణయిస్తుంది. ఒక ఋతువులో రెండు లేక మూడు వర్ణాలకు మించకుండా చూడాలి. రేల పసుపు కింద ఎరుపు, నారింజ రత్నగంధి వెచ్చని వరసగా కుదురుతుంది. దేవకాంచనపు ఊదా రంగు పక్కన నందివర్ధనం తెలుపు చల్లదనాన్నిస్తుంది. ఒక్కొక్క జాతి ఒక్కొక్క మొక్క చొప్పున చల్లినట్లు నాటక, ఒకే జాతి పొదలను మూడు లేక ఐదు కలిపి గుంపుగా నాటితే రంగు దూరానికి కనబడుతుంది. వెనుక వరుసలో ఎత్తయినవి, ముందు మోకాలి ఎత్తువి ఉండాలి. సాయంత్రం ఇల్లు చేరే ఉద్యోగుల ఇళ్ళలో తెలుపు, లేత పసుపు పూలకు ప్రాధాన్యమివ్వాలి. మసక వెలుతురులో ఎరుపు కనబడదు, తెలుపు నిలుస్తుంది.

ఐదు సెంట్ల స్థలానికి నమూనా

ఐదు సెంట్లు అంటే 242 చదరపు గజాలు. తూర్పు ముఖంగా కట్టే ఇళ్ళలో వాస్తు రీత్యా తూర్పు, ఉత్తరం వైపు ఎక్కువ ఖాళీ వదిలి పడమట సందు మాత్రమే ఉంచుతారు. కాని ఇంటిని వేడెక్కించేది పడమటి ఎండ. సందులో చెట్టుకు చోటు లేదు కనుక గోడకు అడుగు దూరంలో ఇనుప తీగల పందిరి కట్టి రాధామనోహరం పాకించాలి. తెల్లగా విచ్చి, గులాబీగా మారి, ఎర్రబారే దాని పూలు ఒకే తీగపై మూడు రంగులు చూపుతాయి; గోడకు నీడా దక్కుతుంది. ఈశాన్యపు ఖాళీలో పునాదికి మూడు మీటర్ల దూరాన పారిజాతం గాని, కత్తిరింపుతో ఎత్తు అదుపు చేసిన దేవకాంచనం గాని ఒక్కటే నాటాలి. తూర్పు ప్రహరీ వెంట ఎండ తగిలే చోట మూడు రత్నగంధులు, వాటి ముందు డిసెంబరు పూలు, మధ్యాహ్నం తరువాత ఇంటి నీడ పడే చోట మందార, నందివర్ధనం ఉంచితే, అరుదైన విరామాలతో సంవత్సరమంతా ఏదో ఒక పూత ఉంటుంది. ఆవరణ అంతటా నాపరాళ్ళు పరిస్తే వేడి పెరిగి, వాన నీరు ఇంకదు. నడక దారికి మాత్రమే పరిమితం చేయాలి.

నాటడం, యాజమాన్యం

వృక్షాలకు మీటరు, పొదలకు అర మీటరు గుంతలను మే నెలలో తవ్వి ఎండనివ్వాలి. గుంతను పూర్తిగా ఎర్రమట్టి, ఇసుకతో నింపితే చుట్టూ ఉన్న నల్లమన్ను నీటిని వదలక, గుంత తొట్టిలా మారి వేరు కుళ్ళుతుంది. తవ్విన మన్నులోనే చివికిన పశువుల ఎరువు, కొద్దిగా ఇసుక కలిపి నింపి, నేలమట్టం కంటే జానెడు ఎత్తుగా మిట్ట చేసి తొలకరి వానల తరువాత నాటాలి. మొదలు చుట్టూ ఎండుటాకులు, వరిగడ్డి మందంగా కప్పితే నెర్రెలు తగ్గుతాయి. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉంచాలి. తొలి రెండు వేసవుల్లో వారానికి రెండుసార్లు లోతుగా తడపడం రోజూ పైపైన చల్లడం కంటే మేలు. నీరు ఎక్కువ కోరే పొదలను, తక్కువ కోరే పొదలను వేర్వేరు గుంపులుగా నాటితే నీరు పొదుపవుతుంది.

ఇనుము లోపం కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు మూడుసార్లు పిచికారి చేయాలి. మందారపై పిండినల్లిని నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి చల్లాలి. వానాకాలంలో రేల ఆకులను తినే గొంగళి పురుగులు పసుపు సీతాకోకచిలుకల పిల్లలు; చెట్టు తిరిగి చిగురిస్తుంది కనుక మందు అవసరం లేదు. ప్రతి జాతిని పూత ముగిసిన వెంటనే కత్తిరించాలి. డిసెంబరు పూల పొదను ఫిబ్రవరిలో కాక అక్టోబరులో కత్తిరిస్తే ఆ ఏటి పూత పోతుంది.

విస్తరణ సిబ్బంది, విద్యార్థులు గృహస్థులకు సలహా ఇచ్చేటప్పుడు మొక్క పేరు చెప్పే ముందు మూడు సంగతులు అడగాలి: గోడ నుండి దూరమెంత, పడమట ఖాళీ ఎంత, మే నెలలో నీరెంత. ఈ మూడింటి జవాబులకు లోబడి చేసిన ఎంపికలో రంగులు తక్కువ కావచ్చు. కాని అలా నాటిన చెట్టు పదిహేనవ ఏట కూడా గొడ్డలి అవసరం లేకుండా అదే చోట పూస్తుంది.